నాయనమ్మ రేడియం కర్ర

మా నాయనమ్మ లెక్కలో చీకట్లో వెలిగేదేదైనా రేడియమే. లారీ వెనకాల మెరిసే ఎర్ర స్టిక్కరు రేడియం. మా చెల్లి గది పైకప్పుకి అంటించిన నక్షత్రాలు రేడియం. తాతయ్య పాత వాచీలో పచ్చగా కనపడే ముళ్ళు కూడా రేడియమే. బళ్ళకి స్టిక్కర్లు కోసే షాపుల బోర్డుల మీద కూడా రేడియం అనే రాసుంటుంది కాబట్టి ఆవిడ తప్పేం లేదు. థర్డ్ ఇయర్‌లో నేను చేసిన మినీ ప్రాజెక్టుకి గ్లాస్ ఫైబర్, కార్బన్ ఫైబర్, ఫాస్ఫోరెసెన్స్ అన్నీ కలిపి ఓ పొడుగాటి పేరు పెట్టాను. రిపోర్టు అట్ట మీద అది మూడు లైన్లు పట్టింది. నాయనమ్మ మాత్రం రెండు ముక్కల్లో తేల్చేసింది, రేడియం కర్ర అని.

అసలు ఈ ప్రాజెక్టు ఎందుకు ఎంచుకున్నావని వైవాలో అడిగారు. "కాంపోజిట్స్ మీద ఇంట్రెస్ట్ సర్" అన్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

మాది బందరు దగ్గర ఊరు. సెకండియర్ అయ్యాక వేసవి సెలవులకి ఇంటికెళ్ళాను. ఒక రాత్రి కరెంటు పోయింది. నాయనమ్మకి దొడ్లోకి వెళ్ళాల్సి వచ్చి లేచింది. మంచం కోడుకి ఆనించిన చేతికర్ర జారి ఎటో పడిపోయింది. చీకట్లో వంగి నేలంతా తడుముకుంటూ పడింది. తుంటి ఎముక విరిగింది.

నేను పక్క గదిలోనే ఉన్నాను. మెలకువగానే ఉన్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో ఫోను. నాన్న లేచి పరిగెత్తేదాకా నాకేమీ వినపడలేదు. ఆసుపత్రిలో "నన్ను పిలవొచ్చు కదా నాయనమ్మా" అంటే, "చదువుకుంటున్నావు కదా నాన్నా, ఎందుకు కదిలించడం అనుకున్నా" అంది. తలుపు సందులోంచి ఫోను వెలుగు చూసి చదువుకుంటున్నాననుకుందట. నేను చూస్తున్నది వెబ్ సిరీస్. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. కొన్ని నెలలు వాకర్. ఆ తర్వాత మళ్ళీ కర్రతో నడవచ్చన్నారు, కాకపోతే పాతది బరువు, తేలికైనది చూడమన్నారు. కాలేజీలో మినీ ప్రాజెక్టు టాపిక్కులు ఇవ్వమన్నది సరిగ్గా అప్పుడే. చీకట్లో తనంతట తానే కనపడే తేలికపాటి కర్ర చేస్తానని రాసిచ్చాను.

"టార్చ్‌లైట్ కొనిస్తే పోలా?" అన్నాడు మా రూమ్మేట్. టార్చ్ ఉంది, దాంట్లో బ్యాటరీలు కారి తుప్పు పట్టాయి. అయినా చీకట్లో టార్చ్‌ని మాత్రం ఎలా వెతుకుతుంది? మెరిసే టేపు కూడా చుట్టి చూశాం, నూనె చేతులకీ నీళ్ళకీ నెల తిరక్కుండానే ఊడిపోయింది. వెలుగు కర్ర పైన కాదు, కర్రలోనే ఉండాలి అనుకున్నా. ఇక నిజం చెప్పాలంటే కార్బన్ ఫైబర్ అంటే నాకు మోజు. మెకానికల్ వాళ్ళకి అది చెప్పక్కర్లేదు.

వెలిగే పౌడరు పేరు స్ట్రాన్షియం అల్యూమినేట్. అందులో కొద్దిగా యూరోపియం, కొద్దిగా డిస్ప్రోషియం ఉంటాయి. వెలుతురు పడినప్పుడు యూరోపియంలోని ఎలక్ట్రాన్లకు శక్తి వస్తుంది. వాటిలో కొన్ని వెంటనే వెనక్కి రాకుండా, డిస్ప్రోషియం వల్ల ఏర్పడ్డ గుంటల్లో చిక్కుకుంటాయి. గదిలో ఉండే మామూలు వేడికే ఒక్కొక్కటిగా బయటపడి, తిరిగి వచ్చేటప్పుడు ఆకుపచ్చ వెలుగు ఇస్తాయి. అడుగున సన్నటి చిల్లి ఉన్న కుండ లాంటిదన్నమాట. నింపేటప్పుడు గబగబా నిండుతుంది, కారేటప్పుడు రాత్రంతా కారుతుంది. అయితే ధార మొదట్లో ఉన్నట్టు చివర్లో ఉండదు.

మొదటి ప్రయత్నం చాలా తెలివితక్కువది. మన కాలేజీ ల్యాబుల్లో అందరూ వాడే ఎల్‌వై 556 రెసిన్, హెచ్‌వై 951 హార్డనర్ తీసుకున్నాను. బరువులో పదికి ఒకటి పాలు. అందులో పౌడరు కలిపి కార్బన్ గుడ్డకి పట్టించి, మైనం రాసిన అల్యూమినియం పైపు చుట్టూ చుట్టాను. గట్టిపడ్డాక పైపు ఊడి రాలేదు. చల్లబడితే కార్బన్ కన్నా అల్యూమినియం ఎక్కువ కుంచించుకుంటుంది కాబట్టి, మెస్సులో ఐసు అడిగి తెచ్చి పైపు నిండా నింపితే అప్పుడు జారింది. సంబరంగా బాత్రూంలోకి తీసుకెళ్ళి లైటు ఆపాను. కటిక చీకటి. అక్కడక్కడ గుడ్డ అల్లికలో రెసిన్ నిండిన చోట నాలుగు చుక్కలు మాత్రం కనపడ్డాయి.

ఆ దసరా సెలవుల్లో గిలకలదిండి హార్బర్‌కి వెళ్ళాను. అక్కడ ఫైబర్ పడవలకి మరమ్మతులు చేసేవాళ్ళు ఉంటారు. మనం థియరీలో చదివేది వాళ్ళు రోజూ చేత్తో చేస్తారు. నాన్నకి తెలిసినాయన ఒకరుంటే ఆయన దగ్గర మూడు రోజులు కూర్చున్నాను. నా నల్ల గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఆయన అన్న మాట ఇది: "నల్లగుడ్డ మీద ముగ్గేస్తే కనపడుద్ది గానీ, ముగ్గు మీద నల్లగుడ్డ కప్పితే ఏం కనపడుద్ది అబ్బాయ్?"

అంతే. నేను నాలుగు పేజీల్లో రాసిన విశ్లేషణ ఆ ఒక్క మాటే. కార్బన్ తన మీద పడిన వెలుతురునంతా మింగేస్తుంది. లోపలున్న పౌడరుకి వెలుతురు చేరదు, ఒకవేళ చేరినా అది ఇచ్చే వెలుగు బయటికి రాదు.

తర్వాత ఆయన గ్లాస్ మ్యాట్ ముక్క ఒకటి చెక్క మీద పరిచి రెసిన్ పూశాడు. తెల్లగా ఉన్న మ్యాట్ చూస్తుండగానే మాయమై, కింద చెక్క గీతలు కనపడ్డాయి. ఇది ఎన్నోసార్లు చూసిందే, కానీ ఎందుకో ఆలోచించింది ఆరోజే. గాజుకీ రెసిన్‌కీ వక్రీభవన గుణకాలు దగ్గర దగ్గరగా, రెండూ సుమారు 1.55 దగ్గర ఉంటాయి. అందుకే వెలుతురుకి దారిలో గాజు పోగు ఉన్నట్టే తెలియదు, నేరుగా వెళ్ళిపోతుంది. మధ్యలో గాలి బుడగ మిగిలితే మాత్రం అక్కడ తెల్లగా కనపడుతుంది. "తెల్లమచ్చ ఉన్నకాడ గాలి ఉన్నట్టు. గాలి ఉన్నకాడ నీళ్ళు చేరతాయి" అన్నాడు. బ్రష్షు లాగకూడదు, పొడవాలి. తర్వాత రోలర్‌తో గాలి తోసెయ్యాలి. వాళ్ళు వాడేది పాలియెస్టర్ రెసిన్. అందులో కోబాల్టునీ కెటలిస్టునీ ఎప్పుడూ నేరుగా ఒకదానితో ఒకటి కలపకూడదని, పేలుతుందని నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిసిపోయాకే రెండోది.

కాలేజీకి తిరిగొచ్చి డిజైను మార్చాను. లోపల బలానికి కార్బన్ గొట్టం. దాని మీద తెల్లరంగు కలిపిన రెసిన్ పూత. లోపలి వైపు పోయే వెలుగుని ఈ తెలుపు బయటికి తిప్పి పంపుతుంది. దాని మీద వెలిగే పౌడరు కలిపిన రెసిన్. ఆ పైన పల్చటి గాజు గుడ్డ, మళ్ళీ ఉత్త రెసిన్. పౌడరుకి తేమ పడదు, తడి తగిలితే మెల్లగా పాడవుతుంది. కాబట్టి ఆ పై పొర దానికి గొడుగు కూడా.

గాజు పొర అందుకొక్కదానికే కాదు. కార్బన్ గట్టిదే గానీ ఎక్కువ సాగదు, విరిగితే టక్కున విరుగుతుంది. గాజు పోగు దానికన్నా బాగా సాగుతుంది. లోపల కార్బన్ చిట్లినా ముక్కలు చెదరకుండా పట్టుకుంటుంది. ముసలివాళ్ళ చేతిలో ఉండే వస్తువు ఒక్కసారిగా విరగకూడదు. ఇంకొకటి, కార్బన్‌లో కరెంటు పారుతుంది. మా నాయనమ్మకి కర్రతో స్విచ్చులు నొక్కడం, తీగ మీద బట్టలు లాగడం అలవాటు. ఉత్త కార్బన్ కర్ర ఆవిడ చేతికి ఇవ్వడమంటే నాకు భయం. గాజు అయితే కరెంటుని ఆపుతుంది.

ఈ లోపు అమ్మ ఫోన్‌లో ఒక ప్రశ్న వేసింది. "రేడియం అంటే క్యాన్సర్ వస్తుందంటారు కదరా, ఆవిడ చేతికివ్వచ్చా?" నవ్వేశాను గానీ ఆ రాత్రి కూర్చుని చదివాను. అమ్మ భయం ఉత్తది కాదు. క్యూరీ దంపతులు 1898లో రేడియం కనుక్కున్నాక, జింక్ సల్ఫైడ్‌లో దాన్ని కలిపి వాచీ ముళ్ళకి పూసేవాళ్ళు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ అనే ఊళ్ళో 1917 నుంచి ఆ పని చేసింది చాలావరకు చిన్న వయసు అమ్మాయిలే. బ్రష్షు మొన సన్నగా రావడానికి పెదాలతో తడిపి తిప్పమని వాళ్ళకి నేర్పారు. అలా అంకె అంకెకీ కొంచెం రేడియం కడుపులోకి పోయింది. రేడియం కాల్షియంలా ఎముకల్లో చేరుతుంది. దవడలు కుళ్ళాయి, ఎముకలు విరిగాయి, చాలామంది చనిపోయారు. అయిదుగురు వేసిన కేసు 1928లో రాజీతో ముగిసింది. రేడియం సగమవడానికి 1600 ఏళ్ళు పడుతుంది. ఆ వాచీల్లో వెలుగు ఎప్పుడో ఆరిపోయినా రేడియం ఇంకా అలాగే ఉంటుంది.

ఇప్పుడు మనం వాడే స్ట్రాన్షియం అల్యూమినేట్ పౌడరు 1990ల్లో జపాన్‌లో తయారైంది. అందులో రేడియో ధార్మికత లేదు. తీసుకున్న వెలుతురునే తిరిగిస్తుంది, అంతే. స్ట్రాన్షియం పేరు వింటే అణుబాంబుల స్ట్రాన్షియం 90 గుర్తొస్తుంది గానీ ఇది అది కాదు, మామూలు స్ట్రాన్షియం. అమ్మకి ఇదంతా చెప్పాను. "అయితే రేడియం అనకు మరి" అంది. నేను అనట్లేదు, నాయనమ్మే అంటోంది.

రెండో ప్రయత్నంలో వెలుగు వచ్చింది, కానీ కర్రకి ఒక పక్కనే. ఈ పౌడరు రెసిన్ కన్నా మూడు రెట్లు బరువు. ఆరడానికి అడ్డంగా పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అంతా కిందికి దిగిపోయింది. చూడ్డానికి ఒకవైపు మాత్రమే కాలిన అప్పడంలా ఉంది.

మూడోసారి తొందరలో అంతా ఒకే కప్పులో కలిపాను. సుమారు 300 గ్రాములు. పూత వేస్తుండగా కప్పు వేడెక్కింది, తర్వాత చెయ్యి పెట్టలేనంత కాలింది, తర్వాత పొగ. రెసిన్, హార్డనర్ కలిస్తే వేడి పుడుతుంది. పల్చగా పరిస్తే అది గాల్లోకి పోతుంది, కప్పులో కుప్పగా ఉంటే బయటికి పోలేక ఇంకా రాజుకుంటుంది. ల్యాబ్ అసిస్టెంట్ గారు కప్పుని పటకారుతో పట్టుకుని బయట ఇసకలో పడేసి, నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు కూడా ప్రాజెక్టు రిపోర్టులో రాయలేదు.

నాలుగోసారి కొంచెం కొంచెంగా కలిపాను. పౌడరు దిగకుండా ఫ్యూమ్డ్ సిలికా వేసి రెసిన్‌ని జారుడు పెరుగులా చిక్కబరిచాను. స్టీల్ చెంచా మానేసి ఐస్‌క్రీమ్ పుల్లతో కలిపాను. పౌడరు గరుకుది, లోహాన్ని గీరి తను నల్లబడుతుంది. రోబోటిక్స్ క్లబ్ వాళ్ళ దగ్గర నిమిషానికి పది చుట్లు తిరిగే గేర్ మోటరు అప్పు తెచ్చి, కర్రని దానికి తగిలించి, గట్టిపడేదాకా తిప్పాను. రాత్రి రెండింటిదాకా నేను, రూమ్మేట్ దాని పక్కనే కూర్చున్నాం. బజ్జీల బండి దగ్గర పుల్లకి గుచ్చి తిప్పే చికెన్‌లా ఉందన్నాడు వాడు.

మర్నాడు నీళ్ళ కాగితంతో తడిపి తడిపి రుద్దాను. పొడిగా రుద్దితే గాజు ధూళి గాల్లో లేస్తుంది. మాస్కు, గ్లౌజులు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా తప్పనిసరి. మొదటిసారి ఇవేవీ లేకుండా రుద్ది రెండు రోజులు గోక్కున్నవాడి మాట వినండి. తర్వాత కర్రని రెండు స్టూళ్ళ మధ్య పెట్టి సరిగ్గా నడిమధ్య కూర్చున్నాను. నా బరువు 62 కిలోలు. కొంచెం వంగింది, లేవగానే మళ్ళీ తిన్నగా అయింది. పిడి, కింద రబ్బరు బుష్షు తగిలించాక కూడా పావు కిలో లోపే ఉంది.

ఆ రాత్రి రూములో లైటు ఆర్పి, తెల్లారుజామున లేచి చూశాను. అంత వెలుగేం కాదు. ఫోన్ కెమెరాకి అస్సలు దొరకలేదు. కానీ నిద్ర లేచిన కంటికి సన్నటి పచ్చ గీత స్పష్టంగా కనపడింది. చీకటికి అలవాటు పడ్డ కన్ను అన్నిటికన్నా బాగా పట్టుకునేది నీలం, ఆకుపచ్చ మధ్య రంగుని. ఈ పౌడరు వెలుగు దానికి దగ్గరే. నిద్రలో కన్ను గంటల తరబడి చీకట్లోనే ఉంటుంది కాబట్టి, లేచిన మనిషికి అంత చిన్న వెలుగూ చాలు. విమానాల్లో కరెంటు పోయినా దారి కనపడేలా నేల మీద అంటించే పట్టీలకీ ఇదే కిటుకు.

ప్రాజెక్టు అయిపోయిందనుకున్నా. ఇంకా అవలేదు.

సంక్రాంతికి కర్ర ఇంటికి తీసుకెళ్ళాను. నాయనమ్మ అప్పటికి వాకర్ వదిలేసింది. రాత్రి లైట్లన్నీ ఆర్పి చూపిస్తే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించింది. మూడో రోజు రాత్రి మెల్లగా వాళ్ళ గదిలోకి తొంగి చూశాను. ఏమీ లేదు. చీకటి. గుండె జారిపోయింది. నాలుగు నెలల పని మూడు రోజుల్లో చచ్చిపోయిందా అనుకుంటూ ఫోన్ లైటు వేసి చూస్తే, కర్రకి కింద నుంచి పైదాకా పాత చీర ముక్క చుట్టి ఉంది. పొద్దున అడిగితే, "నువ్వు అంత కష్టపడి చేశావు, మాసిపోదూ?" అంది.

వెలుతురు తగిలితేనే అది వెలుగుతుందని చెప్పాను. అర్థమైందంది. మర్నాడు డాబా మీదికి వెళ్తే, బూడిదగుమ్మడి వడియాల పక్కన అదే చీర ముక్క పరిచి, దాని మీద కర్ర ఎండబెట్టి ఉంది. నవ్వొచ్చింది. కానీ అక్కడే ఇంకో సంగతి తట్టింది. పొద్దున ఎండలో ఎంత నిండినా మధ్యాహ్నానికే చాలావరకు కారిపోతుంది. నిండాల్సింది పడుకునే ముందు. పైగా రోజూ ఎండలో పెడితే ఎపాక్సీ పచ్చబడి వెలుగుని ఆపేస్తుంది. ఆవిడ గదిలో ఉన్నదేమో పాత పసుపు బల్బు. ఈ పౌడరుని నింపేది ఊదా, నీలం వెలుతురు. పసుపు బల్బులో అది బాగా తక్కువ. ఇవేవీ నేను ల్యాబులో ఆలోచించలేదు. అక్కడ నేను వాడింది యూవీ టార్చ్.

ఆ సాయంత్రం నాన్న, నేను ఆ బల్బు తీసేసి ఎల్‌ఈడీ ట్యూబు పెట్టాం. దాని కింద, మంచం మీద కూర్చుంటే చెయ్యి అందేంత ఎత్తులో గోడకి ఒక మేకు కొట్టి, పిడికి తాడు కట్టి కర్రని అక్కడ తగిలించాం. ఇక జారి పడదు. నాయనమ్మ తొమ్మిదింటికి లైటు ఆర్పేదాకా వెలుతురు తాగుతూనే ఉంటుంది. ప్రాజెక్టులో అన్నిటికన్నా బాగా పనిచేసిన భాగం ఆ మేకే. రిపోర్టులో అది లేదు. జూనియర్లు ఎవరైనా ఇలాంటిది చేస్తే, వస్తువుని వాడే మనిషి గదికి ముందే ఒకసారి వెళ్ళి రండి. నేను చివర్లో వెళ్ళాను.

నేను కాలేజీకి బయల్దేరే ముందు రాత్రి మళ్ళీ కరెంటు పోయింది. టైము రెండు దాటింది. నాకు నిద్ర పట్టలేదు, ఫోన్ చూస్తున్నా. ఇయర్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోలేదు, ఇప్పుడు ఇంట్లో పెట్టుకోవడం లేదు. పక్క గదిలో మంచం కిర్రుమంది. తలుపు సందులోంచి చూస్తే, గోడ మీది పచ్చ గీత మెల్లగా కిందికి దిగింది, నేలకి ఆనింది, టక్ టక్ మంటూ కదిలింది. నా గుమ్మం దగ్గరికొచ్చి ఆగింది.

"ఏరా, ఇంకా పడుకోలేదూ? చదువుకుంటున్నావా?"

"లేదు నాయనమ్మా. ఫోన్ చూస్తున్నా." కాసేపాగి, "ఆ రోజు కూడా ఫోనే చూస్తున్నా" అన్నాను.

చీకట్లో ఆవిడ మొహం కనపడలేదు. కర్ర మాత్రం కనపడుతోంది, కదలకుండా.

"తెలుసులేరా" అంది. "లే, దొడ్లోకి తోడు రా."

లేచి వెళ్ళాను.